రేవతి రాసిన అంకెలు

పదకొండేళ్లుగా ఒక అమ్మాయి పేరు వింటే నాకు చేస్తున్న పని మీద ధ్యాస తప్పుతుంది. ఆ పేరు ఎవరిదైనా సరే. హాజరు పిలిచేటప్పుడు రేవతి అని వస్తే ఒక్క క్షణం ఆగుతాను. ఎందుకో నా భార్యకు కూడా తెలియదు. మీకు చెబుతాను.

అప్పట్లో తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ని. పిల్లలకు డేటా సేకరించడం, కంప్యూటర్లో ఎక్కించడం, గ్రాఫు గీయడం నేర్పాలి. ఆ ఏడు పొగాకు మీద ప్రాజెక్టు ఇచ్చాను. రేవతిది తిరుచానూరు. వాళ్ల నాయన ఆటో తోలేవాడు, బీడీలు తాగేవాడు. ఆమె ఆయన వేళ్ల మధ్య స్కేలు జారవిడిచి, ఎన్ని సెంటీమీటర్లు జారాక పట్టుకుంటాడో రాసుకుంది. ఎంత తక్కువ జారితే చేయి అంత చురుకన్నమాట. నిద్ర లేవగానే ఒకసారి, బీడీ తాగాక ఒకసారి. అట్లా పద్నాలుగు రోజులు.

కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“సార్, తాగకముందే నాయన సేయి మందంగా ఉండాది. తాగినాంక టక్కున పట్టేస్తాండాడు. నేను పట్టుకుంటే పొద్దన్నే అయినా, ఆనక అయినా ఒకటే మాదిరి. బీడీ అలవాటు పడినందుకే పొద్దన్నే అట్లయితాదా సార్?”

చూద్దాంలే అని పంపేశాను. జవాబు తెలియక కాదు. నేనూ సిగరెట్లు తాగేవాణ్ని, కాలేజీలో ఎవరికీ తెలియకుండా. అలవాటు పడ్డ మెదడుకు కొన్ని గంటలు నికోటిన్ అందకపోతే ధ్యాస నిలవదు, చిరాకు పుడుతుంది. పొద్దుటి బీడీ కొత్తగా తెలివి ఏమీ ఇవ్వదు, తాను తీసుకుపోయినదాన్ని కాసేపు తిరిగిస్తుందంతే. ఇది నాకు నా ఒంట్లోనే తెలుసు. పంతొమ్మిదేళ్ల పిల్ల ఒక స్కేలుతో అక్కడిదాకా వచ్చేసింది.

కానీ పిల్లల ప్రాజెక్టులు చూడటానికి బయటి నుంచి పెద్దలు వస్తున్నారు. పోస్టరు మీద ‘పొగాకు మెదడును మందగింపజేస్తుంది’ అని అప్పటికే అచ్చు వేయించాం. దాని కింద బీడీ తాగాక చేయి చురుకైనట్టు గ్రాఫు పెడితే ఏమంటారు? వివరించి చెబితే అర్థం చేసుకునేవాళ్లేనని ఇప్పుడు అనిపిస్తుంది. వివరించబోతే ‘మీకెలా తెలుసు’ అని ఎవరైనా అడుగుతారేమోనన్న భయమా? లేక ఒట్టి బద్ధకమా? ఎంత తవ్వుకున్నా తేలలేదు. ఒక మధ్యాహ్నం ల్యాబులో ఒంటరిగా కూర్చుని, రేవతి కంప్యూటర్లో ఎక్కించిన లెక్కల్లో ‘ముందు’ అన్న వరుసను ‘తర్వాత’ కిందికి, ‘తర్వాత’ను ‘ముందు’ కిందికి మార్చేశాను. రెండు నిమిషాల పని.

వచ్చినవాళ్లు ఒకరిని వేసవి శిక్షణకు ఎంపిక చేస్తామన్నారు. అందరి కళ్లూ రేవతి మీదే. గ్రాఫు గురించి చెప్పమంటే ఆమె దాన్ని చూసి ఆగిపోయింది.

“ఇవి నా అంకెలు కాదు సార్” అంది, నా వైపు తిరిగి.

“ఎక్కించేటప్పుడు తారుమారు చేసుంటావు రేవతీ. చూసుకోవాల గదమ్మా” అన్నాను.

ఆమె నన్ను చూసింది. కోపం లేదు. ఏదో అర్థమైనట్టు, నా మీద జాలిపడ్డట్టు చూసింది.

“అయ్యుంటాది సార్” అంది.

నా కోసం అబద్ధమాడింది. శిక్షణకు వేరే పిల్ల వెళ్లింది. ఆ తర్వాత రేవతి క్లాసులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎమ్మెస్సీ చేస్తానన్న అమ్మాయి, డిగ్రీ అయ్యాక నాయుడుపేట దగ్గర ఏదో ఫ్యాక్టరీలో చేరిందని విన్నాను.

మొన్న శ్రీకాళహస్తి బస్టాండులో తనే గుర్తుపట్టి పలకరించింది. చంకలో చిన్న పాప.

“బాగుండారా సార్? సన్నబడినారే.”

నాయన ఎట్లా ఉన్నాడని అడిగాను.

“బీడీ మానేసినాడు సార్. ఆ పొద్దు రాసుకున్న కాయితం సూపించినాను. నీ సేయి మంచిదే నాయనా, బీడీనే అట్ల సేస్తాండాది అని చెప్పినా. కొన్నాళ్లు ఇంట్లో అందరినీ తిట్టినాడు, ఆనక నిమ్మళించినాడు. మీ క్లాసు పుణ్యమే సార్.”

నిష్ఠూరం ఏమీ లేదు ఆ మాటలో. నిజంగానే అంది. నేను తలకిందులు చేసిన లెక్కను ఆమె ఇంటికి తీసుకుపోయి, సరిగ్గానే చదివి, ఒక మనిషిని మార్చుకుంది. అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. పాప బుగ్గ తాకి, పేరేమిటని అడిగాను. ఇంతలో నాయుడుపేట బస్సు వచ్చింది.

ఆమె నన్ను క్షమిస్తుందేమో తెలియదు. అసలు ఎప్పుడో క్షమించేసిందేమో, అదింకా బరువు. నేను ఇప్పటికీ రోజుకు రెండు సిగరెట్లు తాగుతాను, అదీ దాచడం లేదిప్పుడు. ఆమెకు చెబుతానని మీకు మాట ఇవ్వలేను, నా ధైర్యం సంగతి నాకు తెలుసు. కానీ ఇంతవరకూ ఎక్కడా రాయనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ అంకెలు మార్చింది నేను. రేవతి సరిగ్గానే రాసింది.