రాజాగారి సంబంధాలు

సంబంధం కుదిర్చేముందు ఎలుకని కూడా "మీ తాత ఎవరు?" అని అడిగేవాణ్ని పిచ్చివాడనాలా, మరేమనాలా? ఇప్పటికీ తేలలేదు.

మునిగుడలో ఢిల్లీశ్వరరావుకి ఆ పనొక్కటే. వైజాగులో ఏదో పరిశోధనశాలలో ఎలుకల్ని సాకి రిటైరై, పంతొమ్మిదివందల యాభైల్లో ఒకనాడు బోనులతో సహా ఎర్రమ్మ వసారా గదిలో అద్దెకు దిగాడు.

"మా ఇంట ఉన్న ఎలకలు సాలవా, తమ్ముడా?" అంది ఎర్రమ్మ.

"వాటి వంశం తెలీదక్కా. పిల్లనెలా ఇస్తాం?"

ప్రతి ఎలుక పెళ్లికీ వీధంతా బెల్లం పంచేవాడు. పెళ్లికూతుర్ని బోను మార్చి కళ్లు తుడుచుకునేవాడు. మొదట తిట్టిన ఎర్రమ్మే, ఆనక తౌడు పెట్టసాగింది.

ఆమెకి రాజా అంటే ముద్దు. తెల్లగా, పుష్టిగా, మీసాలు దువ్వుకునే మగ ఎలుక. అచ్చం రైలు స్టేషన్లో పనిచేసే తన కొడుకు కన్నయ్యే! కన్నయ్యకి పిల్లల్లేరు. ఆ నేరం కోడలు తవిటమ్మది. గుణుపురం నుంచి రెండో సంబంధం కుదురుతోంది, కోతలయ్యాక పెళ్లిచూపులు. తవిటమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, అందరూ తిన్నాక మిగిలింది తినేది.

రాజాకీ ఎన్ని పెళ్లిళ్లు చేసినా పిల్లల్లేరు.

"ఆడవన్నీ గొడ్రాళ్లే," అని ఎర్రమ్మ తేల్చేసింది.

"అలాగా?" అని ఢిల్లీశ్వరరావు రాజా చివరి పెళ్లాన్ని వేరే వంశం మగవాడి బోనులో వేశాడు. ఓ పొద్దున తౌడు పెట్టబోయి ఎర్రమ్మ కేకేసింది. బోను నిండా ఎర్రెర్రని పిల్లలు!

"అయితే రాజాకేటి రోగం?"

"రోగం కాదక్కా, పుట్టుక. మీసం బాగానే ఉంటుంది, లోపల విత్తనమే సరిగ్గా తయారవదు. తల్లీ తండ్రీ చెరో సగం లోపాన్ని పైకి కనపడకుండా మోస్తారు. రెండూ కలిసి కొడుకు నెత్తిన పడతాయి."

"ఎలకలకేనా, మడుసులకీనా?"

"నాకు ఎలుకల సంగతే తెలుసు."

ఎర్రమ్మ రాజా మీసాల్ని మళ్లీ ఓసారి చూసింది. "నా సగం ఉండదు. మొత్తం మా ముసిలోడిదే. ఆల వంశం నాకు తెల్దా!"

ఆ సాయంత్రమే గుణుపురానికి కబురెళ్లింది, పెళ్లిచూపులు అక్కర్లేదని.

"అమ్మీ, ఇలగ రా. తిను ముందర," అంది కోడలితో.

తెల్లారేసరికి వసారా గది ఖాళీ. ఢిల్లీశ్వరరావు చెప్పాపెట్టకుండా పోయాడు. పిల్లల తల్లి ఎలుక బోను మాత్రం తవిటమ్మ పొయ్యి పక్కనుంది.

"రైలుకాడ పిలిసేనమ్మా, తిరిగి సూడనేదు," అన్నాడు కన్నయ్య. "జేబులో రాజాకి గాలాడతందో లేదోనని ఒకటే సూసుకుంటన్నాడు. రాజాగాడు పిల్లల్లేనోడు కదా, ఒగ్గేస్తే ఎవలు సూస్తారనేమో, పాపం!" అని మీసం దువ్వుకున్నాడు.