చూసుకొని రా

ఈ ఉదయం పొగమంచుకి మా వాకిట్లో కొళాయి కూడా కనిపించలేదు. మా ఆయన స్కూలు పిల్లల ఆటో బయటికి తీస్తుంటే, ఎదురింటి ఆవిడ పాల గిన్నె పట్టుకుని నిలబడి, "చూసుకొని పో తమ్మీ" అంది. ఆవిడ మంచి మనిషే, మంచికే అంది. అయినా ఆ మాట నాకు పడదు. నేను ఆయనతో ఎప్పుడూ ఆ మాట అనను. "జర ఆగి పో" అంటాను. ఆగితే పోవుడెట్లనే అని ఆయన నవ్వుతాడు.

నాకు అనుమానం ఎక్కువని మా అత్తగారింట్లో పేరు. పాలు చిక్కగా ఉంటే ఏం కలిపారోనని చూస్తానట, మా ఆడబిడ్డ వెక్కిరింపు. వెక్కిరించనీ. ఆయన లారీ నడిపే రోజుల్లో ఓనరును చూస్తే మాత్రం నా అనుమానం నిద్రపోయేది కాదు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటలు, ఇల్లందు బొగ్గు మోసే లారీలు. ఓనరుది తియ్యటి నోరు. ఒక్కనాడూ ఎవరినీ తిట్టి ఎరగడు. పండక్కి స్వీటు డబ్బా పంపితే, ముందు నేనో ముక్క తిని, కాసేపు చూసి, అప్పుడు పిల్లకు పెట్టేదాన్ని. అరిచే ఓనరైతే నాకంత భయం ఉండేది కాదు.

చలికాలం తెల్లవారుజామున పాల్వంచ దాటితే అడవంతా మంచే. లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడ లేస్తుంది. నది పక్క ఫ్యాక్టరీకి బొగ్గు మాత్రం పొద్దున్నే చేరాలి. బండి ఎక్కడ ఆగినా ఓనరు ఫోనులో తెలిసిపోయేది. వెంటనే ఫోన్ చేసేవాడు. "ఏమోయ్, ఆగావేం? మంచా? అయ్యో! సరే, చూసుకుని రా." పొమ్మనడు, ఆగమనడు. అంతే, డ్రైవర్లు బండి కదిలించేవాళ్లు. పైగా "మా సార్ పాణం లెక్క చూస్తడు, జాగ్రత్త చెప్తడు" అని మురిసిపోయేవాళ్లు, మా ఆయనతో సహా.

ఒక చలికాలం, అదే ఓనరు దగ్గర బండి నడిపే, నాకు వరసకు అన్నయ్య అయ్యే ఒకాయన మంచులో కల్వర్టు కానరాక బండితో సహా కిందికి పోయాడు. శవం దగ్గర ఓనరు కళ్లు తుడుచుకుంటూ మా వదినతో, "చూసుకుని రమ్మనే చెప్పానమ్మా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పాపం అన్నారు. నాకు మాత్రం ఆ మాట ఇలాంటి రోజు కోసమే అట్టిపెట్టుకున్నాడా అనిపించింది. తప్పంతా చూడనివాడిదే అయింది.

మరుసటి చలికాలం భద్రాచలం దవాఖానాలో మా అక్క ఉందని తెలిసి, బస్సు దొరక్క మా ఆయన లారీ ఎక్కాను. బండిలో ఇంటి మనుషులను ఎక్కించకూడదని ఓనరు మాట. కొంగు ముసుగేసుకుని సీటులో ఒదిగి కూర్చున్నాను. అడవిలో మంచు కమ్మింది. మా ఆయన ఒక చాయ్ హోటల్ ముందు ఆపాడో లేదో, ఫోను మోగింది. అదే పలకరింపు, అదే అయ్యో, చివర అదే మాట.

"అవ్ సార్" అని ఆయన తాళం తిప్పబోయాడు. నా కళ్ల ముందు మా వదిన ముఖం కదిలింది. ఫోను లాక్కున్నాను.

"సార్, ఒక్కసారి మంచుల పో అని నీ నోటితోని చెప్పు. ఇప్పుడే పోతడు."

"ఏందే, ఊకో!" అని మా ఆయన తల పట్టుకున్నాడు.

ఓనరు మెల్లగా, "నేనెందుకంటానమ్మా అలాగ? నేను చూసుకుని రమ్మన్నానంతే" అన్నాడు.

"చూస్తానికి ఏం కనపడ్తలేదు సార్. పొమ్మంటవా, ఆగమంటవా?"

"సరే... ఆగి రండి" అన్నాడు. ఆ మాట అతని నోట వినడం అదే మొదలు, అదే చివర.

మేము చాయ్ తాగాం. మళ్లీ తాగాం. మంచు విడిచాక చూస్తే రోడ్డు ఖాళీ. ఒరిగిన బండి లేదు, అడ్డం పడ్డ చెట్టు లేదు. "చూసినవా? ఏం లేకపాయె. ఊకెనే లొల్లి జేస్తివి" అని దారంతా నన్ను సతాయించాడు. ఆ వారమే, బండిలో ఆడమనిషిని ఎక్కించాడన్న వంక మీద ఓనరు ఆయన్ని మాన్పించాడు. అదీ ఎంతో మర్యాదగా, స్వీటు డబ్బా చేతిలో పెట్టి. ఆ డబ్బా మాత్రం నేను విప్పనే లేదు.

ఇప్పుడు ఎండ వాకిట్లోకి వచ్చింది. కొళాయి కనిపిస్తోంది. పిల్లలను దింపి ఆయన తిరిగొచ్చే వేళయింది. ఆ రోజు రోడ్డు మీద నిజంగా ఏమీ లేదేమో. అయినా, చాయ్ తాగుతూ ఆగిన ఆ కాస్త పొద్దే ఇన్నేళ్లుగా మేం బతుకుతున్న పొద్దని నాకు ఇప్పటికీ అనుమానం.