నాలుగో మూల

నిన్న సాయంత్రం ఎదురింటివాళ్ళు వచ్చి పెళ్ళి శుభలేఖ చేతిలో పెట్టి వెళ్ళారు. కవరుకు నాలుగు మూలలా పసుపు. అప్పుడే పెట్టినట్టున్నారు, తడి ఇంకా ఆరలేదు, నా వేలికి అంటింది. కాగితం మీద పసుపు వాసన వంటింట్లో పసుపు వాసనలా ఉండదు. ఆ వాసనకు ఎవరికైనా పెళ్ళిళ్ళు గుర్తొస్తాయి. నాకు మాత్రం పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక ఉమ్మడి వాకిలి, అందులో ఒకే ఒక్క కుళాయి, ఆ కుళాయి దగ్గర బిందె పట్టుకుని నేను నవ్విన నవ్వు గుర్తొస్తాయి.

ఈ సంగతి రాసి తీరాలి. నేను ఒక తప్పును అచ్చులో చేశాను. అచ్చులో చేసిన తప్పును అచ్చులోనే దిద్దాలని పత్రికలవాళ్ళకు ఒక మర్యాద ఉంది. సవరణ అని ఏ మూలో చిన్న అక్షరాల్లో వేస్తారు. ఆ చిన్న అక్షరాలను కూడా వదలకుండా చదవమని నాకు నేర్పిన మనిషి విషయంలోనే నేను ఆ మర్యాద పాటించలేదు. ఆవిడ పేరు సత్యవతి. ఆవిడను ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది లేరు. ఎరిగినవాళ్ళలో చాలామందికి ఆవిడ నా వల్లే ఒక నవ్వులాటగా మిగిలింది.

డెబ్బైల్లో పెళ్ళి చేసుకుని నేను ఆ సందులోకి వచ్చాను. మా ఆయన పోర్టులో కలాసీ. వాకిలి చుట్టూ ఏడు వాటాలు, ఏడింటివాళ్ళూ పోర్టు జీతగాళ్ళే. ఆరేసిన చీర మీద సాయంత్రానికి ఎర్రటి ఖనిజం ధూళి పేరుకునేది. నాది ఐదో తరగతి చదువు. అక్షరాలు వచ్చు కానీ చదవడం రాదు, అంటే చదివింది నాలో ఎక్కడా నిలిచేది కాదు. మొదటి వాటాలో సత్యవతి గారు ఉండేవారు. గోదావరి జిల్లా నుంచి వచ్చారు, భర్త పోర్టులో గుమాస్తా. మా ఊళ్ళో అక్కను అప్ప అంటాం. నేనూ అలాగే పిలిచాను, వాకిలంతా అలాగే పిలిచేది. ఆవిడకు పిల్లలు లేరు. నగలు పెద్దగా లేవు. ఒక వారపత్రికకు ఏడాది చందా మాత్రం ఉండేది.

ఆ పత్రికలో అన్నీ ఉండేవి. ముందు దేశం సంగతులు, కరువు మీదో సమ్మె మీదో పెద్ద వ్యాసం, తర్వాత రెండు కథలు, ఒక సీరియల్, చివర నవ్వుల పేజీ. గురువారం పోస్టులో వచ్చేది. సందులో ఎవరైనా చందా కట్టినవాళ్ళు ముందు తాము చదివి తర్వాత పక్కింటికి ఇస్తారు. అప్ప పద్ధతి వేరు. పత్రిక చుట్టూ అంటించిన కాగితం పట్టీని కూడా చింపకుండా నాకు ఇచ్చేసేది. నా తర్వాత రోజుకొక వాటా తిరిగి, బుధవారం నాటికి మూలలు నలిగి, ఎవరి పులుసు చుక్కో పడి ఆవిడ దగ్గరికి చేరేది. ఆవిడ అప్పుడు చదివేది, అందరికన్నా ఆఖర్న.

"అదేటప్పా, డబ్బు నీది, కొత్తది మాకూ, పాతది నీకూనా?" అని రెండో వాటా పోలమ్మ ఒకసారి అడిగింది.

"నేను చదివేసి ఇస్తే మీకు ఎంగిలి పెట్టినట్టుంటుందే" అంది అప్ప.

"ఓలమ్మో, కాయితానికి ఎంగిలేటి!" అని పోలమ్మ వాకిలంతా వినపడేలా నవ్వింది.

నాకు చదవడం నేర్పింది అప్పే. మధ్యాహ్నం వంట గిన్నెలు కడిగాక తన వాటాలో గడప మీద కూర్చోబెట్టి, కథ చదవమని, పుస్తకం మూయించి అడిగేది. "ఇందులో అత్తగారు ఏడ్చిందని ఎక్కడైనా రాసేరా?" లేదు అనేదాన్ని. "మరి ఏడ్చిందని నీకెలా తెలిసింది?" నేను వెతుక్కునేదాన్ని. ఎక్కడో ఒక వాక్యంలో ఆమె దీపం ఒత్తి ఎగదోస్తూ మొహం అటు తిప్పుకుని ఉండేది. "అదీ. చూసినవాడే అలా రాయగలడు" అనేది. ఇంకోరోజు ఉన్నట్టుండి, "మన కుళాయి పిడికి రేకులెన్నే, రవణా?" అంది. నేను రోజూ ఇరవైసార్లు తిప్పే కుళాయి. చెప్పలేకపోయాను. "చేత్తో తిప్పుతావు, కళ్ళతో చూడవు" అని మందలించింది. లేచి వెళ్ళి చూశాను. నాలుగు. ఒకటి సగం విరిగింది.

మార్కెట్ దగ్గరున్న శాఖా గ్రంథాలయానికి నన్ను మొదట తీసుకెళ్ళిందీ ఆవిడే. నాలుగేళ్ళలో అక్కడి కథల బీరువాలన్నీ చదివేశాను. ఇది గొప్పకు చెబుతున్న మాటే. నాకున్న గొప్ప అదొక్కటే. అయితే ఆ గొప్ప తలకెక్కడం కూడా అక్కడే మొదలైంది.

అప్పకు నాలుగైదు నెలలకోసారి లావుపాటి కవరు పోస్టులో వచ్చేది. దానికి మూలల్లో పసుపు ఉండేది. ఏమిటని అడిగితే, తమ్ముడికి సంబంధాలు చూస్తున్నామనీ, జాతకాలు వెళ్ళి వస్తున్నాయనీ చెప్పేది. అందరూ నమ్మాం. ఏళ్ళ తరబడి ఏ జాతకమూ కలవని ఆ తమ్ముడి మీద జాలిపడ్డాం. ఒకరోజు ఆవిడ జ్వరంతో పడుకుని ఉంటే ఆ కవరు నేను అందుకున్నాను. మీద చిరునామా ఆవిడ చేతిరాతే. తనకు తనే ఉత్తరం రాసుకునే మనిషి ఎవరుంటారు? అడిగాను. గోడవైపు తిరిగి, మంచం కింది రేకు పెట్టె లాగమంది. అందులో పదకొండు కథలున్నాయి. అన్నీ ఆ వారపత్రికకు పంపినవే, అన్నీ తిరిగి వచ్చినవే. కథతో పాటు మన చిరునామా రాసి స్టాంపు అంటించిన తిరుగు కవరు పెడితేనే వాళ్ళు వెనక్కి పంపుతారట. అది కూడా శుభంగా ఉండాలని దానికీ పసుపు పెట్టేదట. తిరిగొచ్చిన కాగితాల మడతల మీద వేడినీళ్ళ చెంబు రుద్ది సాపు చేసి పెట్టుకుంది.

"వేరే పత్రికకి పంపొచ్చు కదప్పా?"

"చందా కట్టేది దీనికి. దీన్లో పడితే మీరందరూ చదివేక, ఆఖర్న నా చేతికొస్తుంది. అప్పుడు చదువుకోవాలని." "ఎవరికీ చెప్పకే" అంది.

నేను ఎవరికీ చెప్పలేదు. రాశాను.

ఎందుకు రాశానో ఎన్నోరకాలుగా చెప్పుకుని చూశాను. నాకు తెలిసిన రహస్యం అదొక్కటే అనీ, పేరు మార్చాను కాబట్టి తప్పు లేదనీ, ప్రేమతోనే రాశాననీ. అవేవీ నిజం కావు. నాకు అచ్చులో నా పేరు కావాలి. నవ్వుల పేజీ వాళ్ళు చిన్న రచనలు తీసుకుంటారని తెలుసు. ఒక ఇల్లాలు, ఆవిడ కథలు భర్తకన్నా ముందే సాయంత్రానికి ఇంటికి చేరుకుంటాయి, ఆవిడ కవరు నాలుగు మూలలా పసుపు రాసి దాన్ని కూతుర్ని అత్తారింటికి పంపినట్టు సాగనంపుతుంది, అది మూడో వారానికే పుట్టింటికి వచ్చేస్తుంది, ఇరుగుపొరుగుకు తమ్ముడి సంబంధం అని చెబుతుంది. ఒక మధ్యాహ్నంలో రాసేశాను. పదకొండుసార్లు ఆవిడ కథలను వెనక్కి పంపినవాళ్ళు ఆవిడ మీద నేను రాసిన వెటకారాన్ని ఒక్కసారికే తీసుకున్నారు. వేస్తున్నామని కార్డు వచ్చింది. దాన్ని బియ్యం డబ్బాలో దాచాను.

ఆ గురువారం అప్ప ఎప్పటిలాగే పట్టీ చింపకుండా పత్రిక తెచ్చి ఇచ్చింది. "నువ్వే విప్పు" అంది. ఆవిడ వెళ్ళాక విప్పాను. నవ్వుల పేజీలో నా ఇంటిపేరుతో సహా ఉంది. ఆ పూట అన్నం తిన్నానో లేదో గుర్తులేదు. ఆ ఒక్క ఆకు చింపేసి ఉంటే సరిపోయేది. ఎలకలు కొట్టేశాయని చెబితే అప్ప నమ్మేది. మర్నాడు దాన్ని నేనే పోలమ్మ ఇంటికి మోసుకెళ్ళాను. పోలమ్మకు చదువు రాదు, వారం వారం నేనే చదివి వినిపించేదాన్ని. "ముందు ఆ నవ్వులాట పేజీ సదువే గుంటా, కరువులూ కాటకాలూ తరవాత" అంది అలవాటు ప్రకారం. చదివాను. పసుపు కవరు దగ్గరికి వచ్చేసరికి ఆమె చేటలో బియ్యం ఏరడం ఆపేసింది.

"ఒలే! ఇది మనప్పే కదే! తమ్ముడూ లేదు, సంబందమూ లేదా?" అని కడుపు పట్టుకుంది. "ఓలమ్మ, నవ్వలేక సత్తన్నాను. ఎవులు రాసినారే ఇది?"

"నానే" అన్నాను. అంత గర్వంగా ఆ మాట నేను జీవితంలో మళ్ళీ అనలేదు.

ఇక పత్రిక తన దారిన తను నడిచింది. శనివారం మూడో వాటా, ఆదివారం నాలుగో వాటా. ఒక్కో వాటా నుంచి నవ్వు ఒక్కో రోజు వినిపించేది. మొదటి వాటాలో అప్ప మాత్రం తన వంతు కోసం చూస్తూ, ఏమీ ఎరగకుండా అందరితో మాట్లాడుతూ తిరిగేది. ఏ రోజైనా వెళ్ళి చెప్పి ఉండొచ్చు. పత్రిక తనకన్నా ముందు నా చేతికే ఇవ్వడం ఆవిడ నాకిచ్చిన గౌరవం. ఆ గౌరవం వల్లే నాకు ఆరు రోజులు చిక్కాయి. ఆరూ వాడుకోలేదు.

మంగళవారం పొద్దున్న కుళాయి దగ్గర అందరం ఉన్నాం. అప్ప బిందె పెట్టింది. పోలమ్మ మొహం గంభీరంగా పెట్టి, "అప్పా, మీ తమ్ముడి సంబందం కుదిరిందేటి?" అంది.

"ఎక్కడా! జాతకాలు కలవడం లేదమ్మా" అంది అప్ప.

వాకిలి వాకిలంతా విరగబడి నవ్వింది. అప్పకు ఎందుకో తెలియలేదు. అందరూ నవ్వుతున్నారు కదా అని ఆవిడ కూడా కాస్త నవ్వి, ఏమిటన్నట్టు నావైపు చూసింది. నేనూ నవ్వాను. భయంతో కాదు. నిజంగానే నవ్వొచ్చింది.

బుధవారం పత్రిక ఆవిడకు చేరింది. గురువారం తెల్లవారి నేను నీళ్ళకు వెళ్ళేసరికి ఆవిడ ఒక్కతే అక్కడ ఉంది. బిందె నిండి పొర్లుతున్నా కుళాయి కట్టలేదు.

"బాగా రాసేవు" అంది. "వాక్యాలు పొట్టిగా ఉన్నాయి. నవ్వొచ్చింది. ఒక్క చోట తప్పుంది. నాలుగు మూలలా పసుపు అన్నావు. నాలుగో మూల స్టాంపు ఉంటుంది. స్టాంపు మీద పసుపు ఎవరైనా పెడతారుటే? మూడు మూలలే. ఆ పెట్టె నీ చేత్తో లాగేవు, కవర్లు నీ చేత్తో తీసేవు. చూడకుండా రాసేవు."

బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కొత్త సంచిక వచ్చింది. పట్టీ చింపకుండా తెచ్చి నాకే ఇచ్చింది. వరస మార్చలేదు. తిట్టి ఉంటే, నన్ను ఆఖరికి తోసి ఉంటే, ఆవిడ మీద నాకు కోపం తెచ్చుకునే దారి దొరికేది. అది కూడా ఇవ్వలేదు. పసుపు కవర్లు మాత్రం ఆ తర్వాత రాలేదు. ఏడాది చివర చందా అయిపోయింది, మళ్ళీ కట్టలేదు.

ఎనభైల్లో ఆవిడ భర్తకు ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి వాళ్ళు అటు క్వార్టర్లకు మారారు. కొన్నేళ్ళకు ధైర్యం చేసి ఒకసారి వెళ్ళాను. గోడలు కొత్త సున్నం వాసన కొడుతున్నాయి. కాఫీ ఇచ్చింది, మా ఆయన ఆరోగ్యం అడిగింది. బల్ల మీద ఒక్క పత్రిక కూడా లేదు. రేకు పెట్టె గురించి అడిగే మొహం నాకు లేకపోయింది. లేచేటప్పుడు గుమ్మం దగ్గర ఆవిడే అడిగింది.

"ఇంకా రాస్తున్నావా?"

"లేదప్పా. మళ్ళీ ఏటీ రాయనేదు."

"అయితే ఆ ఒక్కటీ ఎందుకు రాసేవే?"

గుమ్మం దిగి వచ్చి బస్సెక్కాను. ఆ తర్వాత ఆవిడను చూడలేదు. పోయిందని చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పటికీ ఏ పుస్తకం తెరిచినా ముందు చిన్న అక్షరాలు చదువుతాను. కుళాయి తిప్పితే రేకులు లెక్కపెడతాను. ఏ నవ్వుల పేజీ చదివినా ఆ నవ్వు ఎవరి చేతికి ఆఖర్న చేరుతుందో అని చూస్తాను. నేర్చుకున్నాను, నిజమే. నేర్చుకోవడానికి నేను ఎవరిని వాడుకున్నానో కూడా తెలుసు.

ఇది నా రెండో రచన. దీనికి సాయపడినవాళ్ళున్నారు. ఐదో తరగతి దానినని చూడకుండా బీరువా తాళాలు నా చేతికిచ్చిన గ్రంథాలయం సూరిబాబు గారికి, క్వార్టరు నంబరు కనుక్కుని ఇచ్చిన పోలమ్మకు, నేనెవరో తెలిసి కూడా ఆ రోజు తలుపు తీసి లోపలికి రమ్మన్న అప్ప భర్త కామేశ్వరరావు గారికి కృతజ్ఞతలు. సత్యవతి గారికి కృతజ్ఞత చెప్పే అర్హత నాకు లేదు. ఆవిడకు సవరణ ఒక్కటే ఇవ్వగలను.

కవరుకు పసుపు మూడు మూలలే ఉండేది. నాలుగో మూల స్టాంపు.