రామతులసమ్మ వదిలిన శనగలు

రామతులసమ్మకు శనగలంటే చిన్నప్పటి నుంచీ వెగటు. పుట్టిల్లు రాచర్లలో శనగల కొట్టు, మెట్టినిల్లు మార్కాపురంలో శనగల కొట్టు. పండగొచ్చినా చుట్టమొచ్చినా గుగ్గిళ్ళే. అందుకే, కాశీలో ఇష్టమైనదొకటి వదలాలని పంతులు చెప్పగానే మొహం వేలాడేసుకుని శనగలు వదిలేసింది. మొగుడు వీరభద్రయ్య మాత్రం నిజాయితీగా వంకాయ వదిలాడు. ఆయనకు గుత్తొంకాయంటే ప్రాణం. పైగా పెళ్ళాం త్యాగాన్ని మూడేళ్ళుగా బజారంతా చెప్పుకుని మురిసిపోతున్నాడు. పాపం, ఉత్త అమాయకుడు.

1934 వేసవిలో సరుకు బేరానికి పోతూ ఆమెనూ చెన్నపట్నం తీసుకుపోయాడు. సముద్రం చూడగానే రామతులసమ్మకు నలభై ఏళ్ళూ ఎటుపోయాయో! కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, "వచ్చె, వచ్చె!" అని కేకలేస్తూ అలకొక గంతు వేసింది. తడిసి ముద్దయి ఒడ్డుకొచ్చేసరికి మొగుడి చేతిలో సుండల్ పొట్లం ఉంది. సుండలంటే మరేం కాదు, శనగ గుగ్గిళ్ళే. కానీ ఇంగువ పోపు, పచ్చికొబ్బరి, మామిడి ముక్కలు! మార్కాపురంలో వీధిలో నిలబడి తింటే పరువు పోతుంది గానీ, ఇక్కడ ఎవరు చూడొచ్చారు?

"కొబ్బరీ మామిడీ ఏరుకుంటాలెండి," అంది.

కొబ్బరికి అంటుకుని ఒక శనగ వచ్చింది. అబ్బ! తర్వాత రెండొచ్చాయి. ఆ తర్వాత ఏరడం మానేసి గుప్పిట్లోకే తీసుకుంది.

"ఏందే ఇది! కాశీలో వదిలినావు కదే!" వీరభద్రయ్య కొయ్యబారిపోయాడు.

నోటినిండా గుగ్గిళ్ళతో అబద్ధం ఎక్కడ ఆడుతుంది? "నాకు శనగలంటే ఎప్పుడూ పడదండీ. అందుకే వదిలినా," అనేసింది. మూడేళ్ళ మంచి పేరు, మొగుడి నమ్మకం రెండూ ఇసకలో కలిసినట్టే అనుకుంది.

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "మూడేండ్లు! వారానికి రెండుతూర్లు నా ఎదురుగా కూచోని గుత్తొంకాయ తిన్నావు. నేను ఆ వాసన చూస్తా పచ్చిపులుసు పోసుకొని తిన్నా. ఇప్పుడు శనగలు ఇష్టమేనా?"

"ప్రాణం లేచొచ్చిందండీ."

"అట్లయితే ఇప్పుడు వదులు!" పొట్లం లాక్కుని, ఆమెకు ఎదురుగా ఇసకలో చతికిలబడి, ఒక్కో గింజా చప్పరిస్తూ తినసాగాడు.

"ఒక్క గింజండీ!"

"ఊహూ."

రామతులసమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వుతూనే లాలాజలం మింగింది. ఇంగువ వాసన మళ్ళీ ముక్కుకు తగిలేసరికి, ఈ మనిషి మూడేళ్ళు ఎట్లా ఓర్చుకున్నాడో ఆమెకు తెలిసొచ్చింది. మనసు చివుక్కుమంది.

"ఇంక మనింట్లో వంకాయ వండనండీ," అంది.

వీరభద్రయ్య నమలడం ఆపాడు.

"అంత పని చేయబాకే తల్లీ! వాసనన్నా దక్కనీ."