దొర స్పీకర్లు, నా టార్చి సెల్లు

ఈ సంగతి ఇప్పుడు రాసిపెట్టకపోతే అబద్ధమే నిలిచిపోయేలా ఉంది. మొన్న సిరిసిల్లలో మా అక్క ఇంట్లో చిన్న ఫంక్షన్ అయింది. ముందు గదిలో ఆ రెండు స్పీకర్లు ఇంకా ఉన్నాయి, మీద పూల గుడ్డ కప్పుకుని. అక్క మనుమరాలు గుడ్డ ఎత్తి చూసి "తాతా, గివేంది?" అని అడిగింది. మా బావ నింపాదిగా చెప్పాడు. "పాటల డబ్బాలు బిడ్డా. ఒకప్పుడు ఖరాబైనయ్. మళ్ల వాటంతట అవే మంచిగైనయ్."

వాటంతట అవే! నేను పక్కనే పళ్ళెం పట్టుకుని కూర్చుని ఉన్నాను. పప్పన్నం పళ్ళెం కింద పెట్టేశాను.

ఆ స్పీకర్లకు ముగ్గురు యజమానులు. ముగ్గురివి మూడు మాటలు, మూడూ తప్పే. నిజం కనిపెట్టింది నేను. అవి ఎన్నడూ నావి కావు. ఐదో తరగతి సగంలో బడి మానేసి బీడీల చాట ముందు కూర్చున్నదాన్ని. మిగతా చదువంతా కోరుట్ల లైబ్రరీలో, ఊగే బల్ల మీద మోచేతులు ఆనించి చదువుకున్నాను. దానికి సిగ్గుపడను. చదివింది ఎక్కడైనా చదువే.

మొదట అవి ఒక దొరవి. కథలాపూర్ దగ్గరి పల్లెలో ఆయనకు భూములుండేవి. మా నాయన ఆ ఊరి తాటిచెట్లే గీసేవాడు. నక్సలైట్ అన్నల రోజులు ముదిరాక దొర ఊరు వదిలి జగిత్యాలలో ఇల్లు తీసుకున్నాడు. ఆ ఇంటి కిటికీలు పగలు కూడా మూసే ఉండేవి. మూసిన గదిలో ఆయన పాటలు వినేవాడు. పాట గడప దాటకూడదు, అదీ ఆయన పద్ధతి. మంచి స్పీకరంటే మెల్లగా పాడేది అని ఆయన అభిప్రాయం. కొన్నాళ్ళకు నలుగురి కళ్ళూ పడే వస్తువేదీ ఇంట్లో వద్దనుకున్నాడు కాబోలు, వాటిని అమ్మకానికి పెట్టాడు.

అప్పుడే మా అన్న దుబాయి నుంచి టేప్ డెక్కు తెచ్చుకున్నాడు. దానికి స్పీకర్లు లేవు. జగిత్యాల పోయి దొర స్పీకర్లు కొని, బస్సు మీద వేయనివ్వకుండా ఒకటి తన ఒళ్ళో, ఒకటి నా ఒళ్ళో పెట్టించి కోరుట్లకు తెచ్చాడు. మోకాలెత్తు చెక్క డబ్బాలు, ముందు మట్టిరంగు గుడ్డ. నా ఒళ్ళోది ఎంత బరువుగా ఉందంటే దిగేసరికి నా కాళ్ళు నావి కావు.

మా అన్న అభిప్రాయం దొరకు నేరుగా ఎదురు. వాకిలి తలుపులు బార్లా తెరిచి, వాడకట్టంతా వినేలా పెట్టేవాడు. డోలు దెబ్బ పడితే అలమారలో ఇత్తడి గ్లాసులు చిన్నగా మోగేవి. నాతో బీడీలు చుట్టే ఆడవాళ్ళు తమ చాటలు తెచ్చుకుని మా అరుగు మీదే కూర్చునేవాళ్ళు. దరువు మీద దారం చుడితే వేలు తానే ఆడుతుంది. స్పీకరన్నది వీధికి అని మా అన్న అనేవాడు.

వీధికి వినపడ్డది ఠాణాకు కూడా వినపడింది. ఒక పొద్దున ఏడింటికి, నేను వాకిలి ఊడుస్తుంటే, పోలీసులు వచ్చారు. ఏ పాటలు పెడుతున్నారు, ఎవరెవరు వచ్చి వింటున్నారు, పేర్లు చెప్పమన్నారు. మా అన్న ఒక్క పేరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. క్యాసెట్లన్నీ నేలమీద పోసి చూశారు. తర్వాత ఒక కానిస్టేబులు కుడి పక్క స్పీకరును కాలితో జరిపి అడిగాడు.

"గీ డబ్బాల ఏమున్నయ్‌రా?"

"పాటలు సార్."

"పాటలు క్యాసెట్ల ఉంటయి గాని డబ్బాల ఉంటయా? గింత బరువెందుకున్నది? ఇప్పు."

వెనక చెక్క విప్పారు. లోపల ఒత్తుగా దూది. కానిస్టేబులు లోపల చెయ్యి పెట్టి దూదిని గుప్పెళ్ళకొద్దీ బయటికి లాగాడు. దాంతోపాటు ఏవో తీగలు కూడా ఊడి వచ్చాయి.

"గీ దూది ఎవలికి?"

మా అన్నకు తెలియదు. నాకూ అప్పటికి తెలియదు. గాయాలకు కట్లు కట్టడానికి, అడవిలో ఉన్నవాళ్ళకు చేరవేయడానికి దాచామని వాళ్ళ అనుమానం. ఆ రోజుల్లో అయోడిన్ సీసా కొన్నా అడిగేవాళ్ళు. "కొన్నప్పట్నించి గట్లనే ఉన్నది సార్, జగిత్యాల దొర అమ్మిండు" అని మా అన్న మొత్తుకున్నాడు. దొర మాట వినగానే వాళ్ళ గొంతు కొంచెం తగ్గింది. దూది మూటకట్టుకున్నారు. కానిస్టేబులు ఊడిన తీగలను వేళ్ళతో మెలితిప్పి తగిలించి, చెక్క మళ్ళీ బిగించి, "పాడతదిగ, పో" అన్నాడు. ఎడమ డబ్బా జోలికి పోలేదు.

పాడింది కూడా. కాని ఆ పాటలో ఒళ్ళు లేదు. గొంతు ఎక్కడో గోడలోంచి వస్తున్నట్టుంది. డోలు దెబ్బ డబ్బాలోంచి బయలుదేరి దారిలోనే తప్పిపోయినట్టుంది. ఇత్తడి గ్లాసులు మోగలేదు.

మా అన్న అభిప్రాయం వెంటనే తయారైంది. "దూదిల ఉండె సౌండంత. దూది కొంచవోయిండ్రు, సౌండ్ పోయింది." పాత పరుపు చింపి దూది తీసి కుక్కాడు. ఏమీ మారలేదు. నేనొక పని చేశాను. ఎడమది తీసేసి కుడిది ఒక్కటే పెట్టి విన్నాను. బాగుంది. కుడిది తీసేసి ఎడమది పెట్టాను. బాగుంది. విడివిడిగా రెండూ మంచివే, కలిపితే చెడిపోతున్నాయి. ఇదేం గమ్మత్తో నాకు అంతుపట్టలేదు. కాని ఒకటి మాత్రం గట్టిగా నమ్మాను. డబ్బాలు చెడిపోలేదు.

ఆ నమ్మకమే నన్ను ఇరికించింది. మా అన్న మళ్ళీ దుబాయి పోతూ డెక్కూ స్పీకర్లూ సిరిసిల్లలో అక్క ఇంటికి ఇచ్చేశాడు. మా బావ అక్కడ సాంచలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. తీసుకుపోయేటప్పుడు బావ నన్నే అడిగాడు. "ఏమే లైబ్రరీ పంతులమ్మా, మీ అన్న ఖరాబ్ మాల్ అంటగడ్తలేడు గద?"

"వాటికేం గాలె బావా. నా మాట."

నా మాట! అందరి ముందు అన్నాను.

రోజంతా సాంచల మధ్య నిలబడేవాడి చెవులు ఎట్లా ఉంటాయో సిరిసిల్లవాళ్ళకు చెప్పక్కర్లేదు. సన్నని గొంతు బావకు సరిగా అందదు. దరువు మాత్రం నేలలోంచి అరికాళ్ళకు తగలాలి, అప్పుడే ఆయనకు అది పాట. ఆ దరువే లేదు. మెకానిక్కును పిలిపించాడు. అతను ఒక్కొక్కటి విడిగా పరీక్షించి "రెండు మంచిగనే ఉన్నయ్, నీ చెవులు చూపించుకో" అని పోయాడు. బావకు మండింది. బావమరిది చెడిపోయినవి తెలిసే అంటగట్టాడని సాంచల దగ్గర అందరితో అన్నాడు. అంతటితో ఆగలేదు. అక్క కోరుట్ల వచ్చినప్పుడు చెప్పింది. "నీ గురించే ఎక్కువ నవ్విండు. పుస్తకాలు సదివితే గిట్లనే తయారైతరట. సూడకుంట మాటిచ్చుడు, మాటిచ్చి మొకం సాటేసుడు."

అన్న మీద మాట పడితే అన్న దుబాయిలో ఉన్నాడు, వినపడదు. నా మీద పడ్డది నా చదువు మీద పడ్డది. బీడీల చాట ముందు కూర్చునే ఆడదానికి పుస్తకాలెందుకని అప్పటికే మా వాడలో సగం మంది అనేవాళ్ళు. ఈ ఒక్క మాట పోతే వాళ్ళందరిదీ గెలుపే. అది జరగనివ్వదలచుకోలేదు.

ముందు జగిత్యాల పోయాను. దొర గేటు దగ్గరే మాట్లాడాడు.

"మా ఇంట్ల పదేండ్లున్నయ్. ఎన్నడన్న గొంతు మారిందా? మీరు ఊరంత దద్దరిల్లేటట్టు పెట్టి చింపిండ్రు."

"చినగలె దొరా. వాటితోని వచ్చిన కాయితాలేమన్న ఉంటె ఇయ్యిండ్రి, చూసిస్త."

"ఇంగ్లీషుల ఉంటయి. నువ్వేం జేస్తవ్?"

"బొమ్మలుంటయి గద."

నవ్వి లోపలికి పోయాడు. కాగితాలు ఇవ్వలేదు. లోపల కిటికీలు అట్లాగే మూసి ఉన్నాయి.

నేను సరాసరి లైబ్రరీకి పోయాను. కథల బీరువా దాటి, వ్యవసాయం దాటి, అడుగు అరలో రేడియోలు బాగుచేయడం గురించి అట్ట లేని తెలుగు పుస్తకం ఒకటి ఉంది. దాన్ని నాకంటే ముందు ఎవరూ తెరిచినట్టు లేదు, కొన్ని పేజీల అంచులు ఇంకా అతుక్కునే ఉన్నాయి. బ్లేడుతో విడదీసుకుంటూ చదివాను. అర్థం కాని పేజీని నాలుగుసార్లు చదవడం నా అలవాటు. ఐదోసారికి అదే లొంగుతుంది.

దూది సంగతి ముందు దొరికింది. డబ్బా లోపలి చప్పుడు అటూ ఇటూ తగిలి గోల చేయకుండా కుక్కుతారట. అసలు సంగతి తర్వాత దొరికింది. స్పీకరులో కాగితపు గిన్నె ఒకటి ముందుకూ వెనక్కూ ఊగుతుంది, గాలిని నెడుతుంది. రెండు స్పీకర్ల గిన్నెలూ ఒకేసారి ముందుకు రావాలి, ఒకేసారి వెనక్కు పోవాలి. ఒకదాని తీగలు తారుమారైతే, ఒకటి నెట్టేటప్పుడు ఇంకొకటి లాగుతుంది. ఇది నెట్టిన గాలిని అది మింగుతుంది. సన్నని శబ్దాలు ఎట్లాగో బతుకుతాయి, లావు శబ్దాలు మాత్రం చచ్చిపోతాయి. విడిగా పెడితే ఏ లోపమూ కనపడదు. కనిపెట్టడానికి ఒక టార్చి సెల్లు చాలు.

పుస్తకం మూశాను. తీగలు మెలితిప్పిన కానిస్టేబులు వేళ్ళు కళ్ళముందు కనపడ్డాయి.

మరునాడు సిరిసిల్ల బస్సెక్కాను. సంచిలో బీడీల కత్తెర, రెండు తీగ ముక్కలు, కొత్త టార్చి సెల్లు. బావ భోజనానికి వచ్చే వేళకు అక్క ఇంట్లో ఉన్నాను. సాంచల దగ్గరివాళ్ళు ఇద్దరు ఆయన వెంట వచ్చారు. మంచిదే అయింది, నవ్వినవాళ్ళూ చూడాలి.

"వచ్చినవా పంతులమ్మా? పుస్తకం తెచ్చినవా, మంత్రం తెచ్చినవా?"

"సెల్లు తెచ్చిన. ముందటి గుడ్డ తియ్యి బావా."

డెక్కు తీగలు విప్పాను. ఎడమ డబ్బా ఎర్ర గుర్తుకు సెల్లు బొడిపె వైపు, నల్ల గుర్తుకు అడుగు వైపు ఆనించాను. 'టప్' మని గిన్నె ముందుకు వచ్చింది. కుడి డబ్బాకు కూడా అట్లాగే ఆనించాను. గిన్నె 'టప్' మని వెనక్కు పోయింది.

"చూసినవా? అది ఊపిరి ఇడుస్తాంది, ఇది పీలుస్తాంది. లోపట తీగ తప్పు పెట్టిండు."

"ఊపిరట! నీకేం గానొచ్చిందో మాకేం గానత్తలేదు" అన్నాడు బావ వెంట వచ్చినవాళ్ళలో ఒకడు.

కుడి డబ్బా వెనక ఎర్ర తీగను నల్లచోట, నల్ల తీగను ఎర్రచోట బిగించాను. డెక్కు తిరిగి కలిపి, జానపదాల క్యాసెట్ వేశాను. డోలు పడింది. బండపరుపు నేల మీదుగా వచ్చి అరికాళ్ళకు తగిలింది. అక్క వంటింట్లోంచి గంటె పట్టుకుని వచ్చి నిలబడింది. బావ ముఖంలో వెలుగు వచ్చింది, నేను చూశాను. అది చూసి ఉండకపోతే తర్వాత ఆయన చెప్పిన మాట నమ్మేదాన్నేమో.

"ఇయ్యాల ఓల్టేజి మంచిగున్నట్టున్నది" అన్నాడు.

క్యాసెట్ ఆపాను. తీగలు మళ్ళీ తప్పుగా పెట్టి వేశాను. దరువు చచ్చిపోయింది. ఆపాను. సరిగా పెట్టాను. దరువు లేచింది.

"ఏది, మల్లొక్కసారి" అన్నాడు బావ వెంట వచ్చిన రెండో ఆయన.

మళ్ళీ తప్పుగా, మళ్ళీ సరిగా. మూడుసార్లు. "ఓల్టేజి నా చేతిల ఉన్నదా బావా?" అని అడిగాను. నవ్విన ఇద్దరూ ఈసారి బావను చూసి నవ్వారు. తర్వాత రెండింటి వెనక చెక్కలూ విప్పి చూపించాను. తెల్లగీత ఉన్న తీగ ఎడమ డబ్బాలో ఒకచోట అతికి ఉంది. కుడి డబ్బాలో దానికి ఎదురుచోట, ఉత్త మెలికతో వేలాడుతోంది. బావ వంగి చూశాడు. "అన్నం పెట్టవే మీ చెల్లెకు" అని మాత్రం అక్కతో అన్నాడు.

ఆ సాయంత్రం సాంచల దగ్గర మా అన్న మీద వేసిన నింద వెనక్కు తీసుకున్నాడని అక్క చెప్పింది. నా సంగతి మాత్రం ఎత్తలేదట. దొర మేమే వాటిని చింపామనుకుంటూనే పోయాడు. మా అన్న ఇప్పటికీ దూదే అంటాడు. బావ మాట పైన రాశాను. వాళ్ళ అభిప్రాయాలు వాళ్ళవి. గిన్నె ఎటు కదిలిందో అభిప్రాయం కాదు.

సాయం చేసిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. కాని ఆ పొద్దున ఠాణావాళ్ళు అడిగినా చెప్పని పేర్లను ఇప్పుడు ఎవరూ అడగకుండా చెప్పబుద్ధి కావడం లేదు. చదివితే ఎవరికి వాళ్ళు తెలుసుకుంటారు. నేను సిరిసిల్ల పోయిన రోజు నా వంతు బీడీలు చుట్టిపెట్టిన ముగ్గురు ఆడవాళ్ళకు, వాడకుండా తిరిగిస్తే తీసుకుంటానని సెల్లు ఇచ్చిన కోరుట్ల దుకాణం పెద్దమనిషికి, గంటె పట్టుకుని నా పక్కనే నిలబడ్డ అక్కకు కృతజ్ఞతలు. నేనేం చదువుతానని పోలీసులు రిజిస్టరు అడిగితే "వంటల పుస్తకాలు తీస్కపోతది సార్" అని చెప్పిన లైబ్రేరియన్‌కు కూడా. వంటల పుస్తకం నేను ఒక్కటీ తీసుకుపోలేదు, అయినా కృతజ్ఞతలే. చివరగా మా బావకు. ఆయన మొదటిసారే ఒప్పుకుని ఉంటే నేను మూడుసార్లు చూపించేదాన్ని కాదు. ఇప్పటికీ అనుమానం ఉంటే కత్తెర నా దగ్గరే ఉంది, సెల్లు కొత్తది తెస్తాను.