బొడ్డమ్మ కేకకు జవాబు

బారువ రేవుకు దక్షిణంగా ఉన్న జాలరిపేటలో బొడ్డమ్మ ఎండుచేపలు అమ్మి బతికింది. తట్ట నెత్తిన పెట్టుకుని, జీడితోటల మధ్య బాటన రైతుల ఊళ్ళు తిరిగేది. ఊరి మొదట్లో నిలబడి "ఎండుసేపలో!" అని అరిచేది. వెనకనుంచి మనవరాలు రత్నాలు "నెత్తళ్ళో, సవకో!" అని చేపల పేర్లు అందుకునేది. ఏడేళ్ళ పిల్ల.

"నీ గొంతు కాదే ముసిలీ, ఈ గుంట గొంతుకే బేరం తగులుతాది" అని రైతు ఆడవాళ్ళు ఆటపట్టించేవారు.

1913 వానాకాలంలో ఒక పొద్దున, బొడ్డమ్మ కొడుకు నీలకంఠం తెప్ప కెరటాల్లో తిరగబడింది. తండ్రి కోసం అంబలి ముంత పట్టుకుని ఒడ్డున నిలబడిన రత్నాలు అది చూసింది. పేటలోకి పరుగెత్తుకొచ్చి, "అయ్య ములిగిపోనాడు" అని అరిచింది. బొడ్డమ్మ దాని నోరు గట్టిగా మూసింది.

"ఆ మాటనకే! నువ్వంటే మీ యమ్మ గాజులు పోతాయి."

అది ఆమె సొంత మాట కాదు. శవం ఒడ్డుకు చేరనంతవరకు, సముద్రం మీదికి వెళ్ళినవాణ్ణి పోయాడనకూడదని పేట కట్టుబాటు. అన్నవాళ్ళే చంపినట్టు లెక్క. తెప్ప దుంగలు దొరికాయి, మనిషి దొరకలేదు. రేవులో ఆగి రంగూనుకు పోయే రంగం ఓడ ఏదో ఎక్కించుకుని ఉంటుందనుకున్నారు. కోడలు లక్ష్మమ్మ గాజులు చేతికే ఉన్నాయి. ఓడ పొగ కనబడితే చాలు, బొడ్డమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయేది.

రత్నాలు ఆ రోజునుంచి మాట్లాడలేదు. అది ఎవరికీ వెంటనే తెలియలేదు. చెప్పిన పని చేసేది, ఎండేసిన చేపలమీద కాకుల్ని తోలేది, పెట్టింది తినేది. పొరుగింటి సింహాచలమ్మ మెచ్చుకుంది కూడా.

"ఒక్కనాడేడిసిందేటి వదినా? బుద్ధిమంతురాలు. మా గుంటలైతే సెవులు తినేత్తారు."

మాట రావడం లేదని తెలిశాక, గాలి సోకిందని వేపమండలతో దిగదుడిచారు. రావివలస తీసుకెళ్ళి ఎండల మల్లికార్జునుడి దగ్గర కూర్చోబెట్టారు. పిల్ల కూర్చుంది, లేచి వచ్చింది. ఏం చూశావని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం.

పిల్ల సముద్రానికి వీపు పెట్టి చేపలు తిప్పడం బొడ్డమ్మ గమనిస్తూనే ఉంది. ఒకనాడు సింహాచలమ్మ నవ్వులాటకు లక్ష్మమ్మతో, "గాజులు గలగలమనిపిత్తన్నావు, రంగం దొరసానీ! మొగుడెప్పుడొత్తాడటే?" అంది. రత్నాలు పరుగున వచ్చి తల్లి గాజులమీద రెండు చేతులూ కప్పింది. పెదవులు పళ్ళకింద బిగబట్టింది.

బొడ్డమ్మకు తన చెయ్యి గుర్తొచ్చింది. పిల్ల నోరు మూసింది ఏ గాలీ కాదు.

ఆ నోరు తెరవాలంటే ముందు తను ఒక మాట అనాలి. అంటే ఇక ఓడ పొగకోసం చూడటానికి ఏమీ మిగలదు. కొన్నాళ్ళు అనలేకపోయింది. రంగం ఓడ ఒకటి వచ్చింది, జనం దిగారు, వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం తల్లీబిడ్డల్ని ఎదురుగా కూర్చోబెట్టింది.

"మీ అయ్య రాడే. ములిగిపోనాడు. నానంటన్నాను, నువ్వు కాదు. సూడు, మీ యమ్మ గాజులున్నాయా?"

లక్ష్మమ్మ అరవబోయి ఆగింది. చెయ్యి చాచి పిల్ల ఒళ్ళో పెట్టింది. రత్నాలు గాజులు ఒక్కొక్కటీ తడిమింది.

"సెయ్యెత్తినాడు మామ్మా" అంది. "నన్ను రమ్మన్నాడో, వద్దన్నాడో."

"వద్దనే అన్నాడమ్మా."

పేట తప్పుపట్టింది, తర్వాత కర్మకు వచ్చింది. లక్ష్మమ్మ గాజులు పగలగొట్టనివ్వలేదు. "నా సేత్తో నానే తీత్తన్నాను" అని, పిల్లకు వినబడేలా చెప్పి తీసి దాచుకుంది.

రత్నాలు మళ్ళీ మాట్లాడింది, అవసరమైనంత. తట్ట వెనక నడిచింది. కేక మాత్రం అందుకోలేదు. బొడ్డమ్మ బతికినన్నాళ్ళూ ఊరి మొదట్లో "ఎండుసేపలో!" అని అరిచి, కాసేపు ఆగేది. ఆయాసం కాబోలనుకుని రైతు ఆడవాళ్ళు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేవారు.