సున్నం చల్లే వేళ

మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్ళికి పారాణి కలుపుతుంటే, పసుపులో చిటికెడు సున్నం పడీపడగానే గిన్నెంతా ఎర్రబడింది. పాతికేళ్ళు అమలాపురంలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని, అది క్షారం చేసే పని అని తెలియనిదాన్ని కాదు. అయినా ప్రతిసారీ నోరు తెరుచుకుని చూస్తాను. "ఏంటొదినా, ఎప్పుడూ చూడనట్టు!" అని ఆడపడుచు నవ్వింది. నేనూ నవ్వేశాను గానీ, ఈ రంగుల సంగతి నాకు నిజంగా తెలిసొచ్చింది కాలేజీలో కాదు, ఐ.పోలవరం దగ్గర మా బాబాయి గారి రొయ్యల చెరువు గట్టు మీద.

అప్పటికి పీహెచ్ అంటే నాకు బోర్డు మీద గీసే నిచ్చెన. కింది మెట్ల మీద నిమ్మకాయ, చింతపండు, నడుమ ఏడు దగ్గర మంచినీళ్ళు, పైన సబ్బు, సున్నం, పద్నాలుగుతో సరి. మెట్టుకు పదిరెట్లు తేడా అని చెప్పి, పిల్లల చేత రాయించి, చేతులకంటిన సుద్ద దులుపుకుని వచ్చేసేదాన్ని. ఆ ఏడాది బాబాయికి జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చాం. రొయ్యలు పట్టడానికి ఇంకా పది రోజులుంది. అంతకు ముందు రెండు పంటలు తెగులుకు పోయాయి. ఇదీ పోతే చెరువు వదిలేసుకోవడమే. మంచం మీద కూడా ఆయనకదే ధ్యాస. తెల్లవారుజామున పనివాళ్ళు నీళ్ళు చూసి, పీహెచ్ ఏడున్నరకి దిగువనుందని ఫోన్ చేశారట. "నువ్వు చదువుకున్నదానివి. వెళ్ళి దగ్గరుండి సున్నం చల్లించమ్మా," అన్నారు. ఇంతకన్నా గౌరవం నాకెవరిస్తారు! కొంగు బిగించి బస్సెక్కాను.

బస్సు, ఆటో మారి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఎండ మండిపోతోంది. బస్తాలు విప్పి సిద్ధంగా ఉన్నాయి. "చల్లేమంటారాండీ మేడమ్ గారూ?" అన్నాడు పనివాడు. "ఆయ్, కానివ్వండి," అన్నాను దర్జాగా. అతను తట్ట ఎత్తాడో లేదో, షెడ్డులోంచి మా పిన్ని పరుగెత్తుకొచ్చింది. ఏడో తరగతితో చదువాపేసిన మనిషి. నా ముందు ఎన్నడూ గొంతు పెంచి ఎరగదు. "ఆపండిరా! గుప్పెడు పడిందంటే ఊరుకోను!" అని అరిచింది. పనివాళ్ళ ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

"తక్కువుంటే సున్నమే కదా పిన్నీ వెయ్యాలి?"

"అది తెల్లారగట్ల లెక్కమ్మా. ఇప్పుడు చూసేవా?"

చూడలేదు. చూడాలని తోచనే లేదు. పిన్ని చిన్న సీసాతో నీళ్ళు ముంచి, మందు చుక్కలు వేసి, రంగుల అట్ట పక్కన పెట్టింది. తెల్లవారుజామున ఆకుపచ్చ, ఏడూ పాయింటు మూడు. ఇప్పుడు నీలం, ఎనిమిదీ పాయింటు ఎనిమిది. "రాత్రంతా నాచు వదిలిన ఊపిరికి నీళ్ళు పులుస్తాయి. ఎండొచ్చేక ఆ పులుపు అదే తాగేస్తాది. ఇప్పుడు పైనించి సున్నం కూడా పడితే అడుగునున్న మురుగు విషమైపోద్ది," అంది. కార్బన్ డయాక్సైడు, అమ్మోనియా అని నేను ముప్పావుగంట చెప్పే పాఠం! వేళ్ళమీద లెక్కేసుకున్నాను. ఒకటిన్నర మెట్టు, అంటే ముప్ఫై రెట్లు. అంత చెరువూ ఒక్క పూటలో, చిన్న చప్పుడైనా లేకుండా, అంత దూరం జరిగిపోయింది. ఎంత గొప్ప సంగతిని ఇన్నేళ్ళూ సుద్దముక్కతో గీసి చెరిపేశానో అనిపించింది.

మర్నాడు తెల్లవారగట్ల నీళ్ళు చూసి చల్లుదామని పనివాళ్ళని పంపేశాక, ఇదంతా ఎవరు నేర్పారని అడిగాను. పిన్ని సీసాలో నీళ్ళు గట్టు మీద పారబోసింది.

"చెరువు తవ్విన మొదటేడు పంటంతా పోయింది, గుర్తుందా? మీ బాబాయి ఊళ్ళో లేరు. పొద్దున్న నీళ్ళు చూసి మధ్యాహ్నం నేనే చల్లించేను. తెల్లారేసరికి గట్టు వారంతా చచ్చిన రొయ్యలే. వానకి పోయేయని చెప్పేనమ్మా. ఇప్పటికీ ఆయన అదే అనుకుంటున్నారు."

పది రోజులకు రొయ్యలు పట్టారు, పుష్టిగా, మెరుస్తూ. బాబాయి గట్టు మీద కుర్చీ వేయించుకుని, వచ్చినవాళ్ళందరితో "మా అమ్మాయి చదువే ఈ పంటని నిలబెట్టింది," అని చెప్పారు. కాదని నోరు తెరవబోతే పిన్ని నాకేసి చూసి తల అడ్డంగా ఊపింది. సిగ్గుతో చచ్చిపోతూ ఆ పొగడ్త తీసుకున్నాను. పొద్దుటి నీళ్ళు వేరు, మధ్యాహ్నం నీళ్ళు వేరని తెలుసుకోవడానికి ఆవిడకి ఒక పంటకాలం పట్టింది. అది ఎలా తెలిసిందో ఒక్కరితో చెప్పుకోవడానికి పన్నెండేళ్ళు పట్టింది.